ఉమ్మడి కంప్యూటర్‌లో వంతుల పాఠం

విరాళాల రిజిస్టరు దగ్గర ఇద్దరు వాలంటీర్లు కూర్చున్నారనుకుందాం. అప్పటిదాకా వచ్చిన మొత్తం 5,000 రూపాయలు అని రాసి ఉంది. ఒకరి చేతికి 500, ఇంకొకరి చేతికి 1,000 ఒకేసారి అందాయి. ఇద్దరూ రిజిస్టరు వైపు చూసి 5,000 అని మనసులో పెట్టుకున్నారు. మొదటివారు కూడి 5,500 అని రాశారు. రెండోవారు తాము ముందు చూసిన అంకెకే వెయ్యి కలిపి, 5,500 కొట్టేసి 6,000 అని రాశారు. పెట్టెలో 6,500 ఉంది, రిజిస్టరులో 6,000 ఉంది. ఎవరూ దొంగిలించలేదు. కూడిక రానివారూ లేరు. అయినా ఒక దాత ఇచ్చిన 500 లెక్కలోకి రాలేదు.

ఇదే ఆటను మేము హైస్కూలు పిల్లలతో నల్లబల్ల మీద ఆడిస్తాం. బల్ల మీద సున్నా రాస్తాం. ఇద్దరు పిల్లలు వచ్చి అంకె చూసి, బెంచీ దాకా వెళ్లి, ఒకటి కలుపుకుని, తిరిగి వచ్చి రాయాలి. ఒక్కొక్కరు పదిసార్లు తిరిగితే ఇరవై రావాలి కదా. పదకొండు వస్తుంది, పద్నాలుగు వస్తుంది, ఏ రోజు ఎంత వస్తుందో చెప్పలేం. ఆ తర్వాత సుద్దముక్క ఒక్కటే ఇచ్చి, "సుద్దముక్క చేతిలో ఉన్నవాళ్లే అంకె చూడాలి, రాయడం అయ్యేదాకా వదలకూడదు" అని నియమం పెడతాం. అప్పుడు సరిగ్గా ఇరవై వస్తుంది. ఆట మాత్రం నెమ్మదిస్తుంది, ఒకరు బెంచీ దాకా వెళ్లి వచ్చేదాకా ఇంకొకరు నిలబడాలి కాబట్టి. కంప్యూటర్ శాస్త్రంలో ఈ సుద్దముక్కను తాళం, అంటే లాక్ అంటారు. ఏకకాలంలో నడిచే పనులను థ్రెడ్లు అంటారు. థ్రెడ్ల మధ్య ఈ పొందిక కుదర్చడాన్ని సింక్రనైజేషన్ అంటారు.

మన విజయవాడ వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. గుడివాడ, భీమవరం వైపు రైలు మార్గం ఒంటి లైనుగా ఉన్న రోజులు పెద్దవాళ్లకు గుర్తే. ఒంటి లైను మీద రెండు రైళ్లు ఎదురుపడకుండా మన రైల్వేల్లో టోకెన్ పద్ధతి ఉండేది. రెండు స్టేషన్లలో ఉన్న యంత్రాలు కరెంటు తీగతో ముడిపడి ఉంటాయి. ఒక చోట టోకెన్ గోళం బయటికి తీశాక, అది మళ్లీ ఏదో ఒక యంత్రంలోకి చేరేదాకా రెండోది బయటికి రాదు. ఆ గోళం తోలుసంచిలో డ్రైవరు చేతికి అందితేనే రైలు ముందుకు కదలాలి. కదిలే ఇంజను నుంచి పెద్ద రింగు ఉన్న సంచిని చేతి మీదుగా మార్చుకునే దృశ్యం చూసినవాళ్లు మన చదువరుల్లో చాలామంది ఉంటారు. 1960ల్లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త ఎడ్స్గర్ డైక్‌స్ట్రా కంప్యూటర్ పనుల మధ్య ఇలాంటి ఏర్పాటును గణితంగా రాసినప్పుడు దానికి సెమాఫోర్ అనే పేరు పెట్టారు. సెమాఫోర్ అంటే పాత రైల్వే స్టేషన్లలో చెయ్యి లేపి దించే సిగ్నలే.

ఇంతవరకూ ఒకే యజమాని ఉన్న కంప్యూటర్ కథ. అసలు చిక్కు ఉమ్మడి కంప్యూటర్‌లో ఉంది. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.

ఈరోజు పిల్లవాడి ఇంటర్ ఫలితం, బ్యాంకు ఖాతా, ఆసుపత్రి రిపోర్టు, ట్రస్టుల పద్దులు ఏ ఒక్కరి సొంత కంప్యూటర్‌లోనూ ఉండటం లేదు. ఎక్కువగా డేటా సెంటర్లలోని పెద్ద యంత్రాలలో ఉంటున్నాయి. మనకు దగ్గరలో మంగళగిరిలో పై డేటా సెంటర్స్ ఉంది. అమెజాన్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన కేంద్రాలు తెరిచింది. అక్కడి ఒక్కొక్క యంత్రాన్ని ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్కరికి అద్దెకిస్తారు. ముక్క అన్నది మాటవరసకే. యంత్రం ఒక్కటే. కానీ ప్రతి అద్దెదారుకీ అది తన సొంత కంప్యూటర్‌లాగే కనిపిస్తుంది. దీన్ని వర్చువల్ మెషీన్ అంటారు. ఈ మాయను నడిపే ప్రోగ్రాం పేరు హైపర్‌వైజర్. ఇది కొత్త ఊహ కాదు. ఐబీఎం 1972లోనే తన పెద్ద కంప్యూటర్లకు ఇలాంటి ఏర్పాటు అమ్మింది. ఇప్పుడు ఎక్కువగా వాడే వాటిలో ఒకటైన కేవీఎం 2007లో లినక్స్ కెర్నెల్‌లో భాగమైంది. కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. యంత్రంలోని ప్రతి వస్తువు మీదా దానికి అధికారం ఉంటుంది.

హైపర్‌వైజర్ చేసే ముఖ్యమైన పని వంతులు వేయడం. డెల్టాలో కాలువ నీరు తక్కువైనప్పుడు లస్కరు షట్టర్లు ఎత్తి దించుతూ ఈ కాలువకు ఇన్ని రోజులు, ఆ కాలువకు ఇన్ని రోజులు అని వంతులు వేస్తాడు. చివరి భూముల రైతుకు తన వంతు రాని రోజుల్లో కాలువ ఉన్నా లేనట్టే. హైపర్‌వైజర్ కూడా ప్రాసెసర్ కాలాన్ని కొన్ని మిల్లీసెకన్ల చొప్పున పంచుతుంది. కాకపోతే ఇక్కడ అద్దెదారుకు తన వంతు ఆగిపోయిన సంగతి కూడా తెలియదు. తన గడియారం ప్రకారం తాను నడుస్తూనే ఉన్నాననుకుంటాడు.

ఈ తెలియకపోవడం నుంచే మొదటి కష్టం పుట్టింది. ఒక అద్దెదారు కంప్యూటర్‌లో నాలుగు ప్రాసెసర్లు ఉన్నట్టు కనిపిస్తున్నాయనుకోండి. వాటిలో ఒకటి తాళం చేజిక్కించుకుని రిజిస్టరులో రాస్తోంది. మిగిలిన మూడూ తాళం కోసం చూస్తున్నాయి. కెర్నెల్ లోపల ఇలాంటి తాళాలను సాధారణంగా మైక్రోసెకను లోపే, అంటే సెకనులో పది లక్షల వంతు లోపే వదిలేస్తారు. అంత కొద్దిసేపటికి వెళ్లి పడుకుని లేవడం దండగ. అందుకని ఎదురుచూసేవాళ్లు గుమ్మం దగ్గరే గిరగిరా తిరుగుతూ "వదిలావా, వదిలావా" అని అడుగుతూ ఉంటారు. సొంత కంప్యూటర్‌లో ఇది తెలివైన పనే. ఉమ్మడి కంప్యూటర్‌లో మాత్రం సరిగ్గా తాళం పట్టుకున్న ప్రాసెసర్ వంతునే హైపర్‌వైజర్ ఆపేయవచ్చు. టోకెన్ సంచి భుజాన ఉన్న డ్రైవరును నడిదారిలో దించి వేరే డ్యూటీకి పంపితే ఎలా ఉంటుంది? అటు స్టేషనులో రైలు కదలదు, ఇటు స్టేషనులోనూ కదలదు. అందరూ ఇంజన్లు ఆపకుండా బొగ్గు తగలేస్తూ నిలబడతారు. మైక్రోసెకనులో అయ్యే పనికి మిల్లీసెకన్లు పడితే అది వేల రెట్ల ఆలస్యం. పైగా తాళం ఎవరి దగ్గరుందో హైపర్‌వైజర్‌కు తెలియదు. తాళం అద్దెదారు ఇంటి లోపలి విషయం మరి.

దీనికి ఒక మందు 1982లోనే జాన్ ఔస్టర్‌హౌట్ చెప్పారు. ఒక కుటుంబంలోని పనులన్నిటికీ ఒకేసారి వంతు ఇవ్వడం, ఒకేసారి ఆపడం. వినడానికి చక్కగా ఉంది. కానీ నాలుగు ప్రాసెసర్ల అద్దెదారును నడపాలంటే నాలుగూ ఒకేసారి ఖాళీ అయ్యేదాకా ఆగాలి. మూడు ఖాళీగా ఉండి నాలుగోది దొరక్కపోతే ఆ మూడూ వృథా. వీఎంవేర్ సంస్థ తొలి రోజుల్లో ఈ పద్ధతినే కఠినంగా పాటించి, తరువాత సడలించుకుంది.

రెండో మందు తయారీలో మన దేశం వాళ్ల చెయ్యి ఉంది. 2008 నుంచి లినక్స్‌లో తాళాలకు ఆసుపత్రి ఓపీ చీటీల వంటి వరుస నంబర్లు వచ్చాయి. న్యాయంగానే ఉంది, ముందు వచ్చినవారికి ముందు. అయితే 14వ నంబరు పిలిచినప్పుడు ఆ చీటీ ఉన్న మనిషి నిద్రలో ఉంటే, డాక్టరుగారు ఖాళీగా కూర్చున్నా 15వ నంబరు లోపలికి పోకూడదు. ఉమ్మడి కంప్యూటర్‌లో ఈ నిద్ర హైపర్‌వైజర్ పుణ్యమే. బెంగళూరులో ఐబీఎం లినక్స్ విభాగంలో పనిచేసిన ఇంజినీర్లు కేవీఎం కోసం దీన్ని సరిచేశారు. ఎదురుచూసేవారు కాసేపు గుమ్మం దగ్గర తిరుగుతారు. అప్పటికీ వంతు రాకపోతే హైపర్‌వైజర్‌తో "నేను పడుకుంటాను, నా వంతు ఇంకొకరికి ఇవ్వు" అని చెప్పి తప్పుకుంటారు. తాళం వదిలే మనిషి, తరువాతి చీటీ ఎవరిదో చూసి, "అతన్ని లేపు" అని హైపర్‌వైజర్‌కు చెబుతాడు. అద్దెదారు, ఇంటి యజమాని ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే ఇందులోని కిటుకు. 2013లో ఈ మార్పు లినక్స్‌లో చేరింది. విజయవాడ నుంచి రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి చేరే ఊళ్లో కూర్చుని రాసిన ప్రోగ్రాం ప్రపంచమంతటా సర్వర్లలోకి వెళ్లిందని పిల్లలకు చెబితే వాళ్ల కళ్లు వెలగడం మేము చూస్తుంటాం.

మొదటి కష్టంలో పోయేది కాలం మాత్రమే. రెండో కష్టంలో పోయేది రహస్యం. దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాం.

2002లో ఇంటెల్ సంస్థ ఒక పొదుపు ఉపాయం మార్కెట్లోకి తెచ్చింది. ప్రాసెసర్‌లో నిజంగా పనిచేసే భాగాన్ని కోర్ అంటారు. ఒక పని జ్ఞాపకశక్తి నుంచి అంకె వచ్చేదాకా ఎదురుచూస్తూ ఉంటే కోర్‌లో సగం ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలో ఇంకో పనిని నడిపిస్తే? అలా ఒక్క కోర్ బయటికి రెండుగా కనిపిస్తుంది. దీనికి హైపర్‌థ్రెడింగ్ అని పేరు పెట్టారు.

వన్‌టౌన్ పాత ఇళ్లలో వాటాలుండేవి. రెండు వాటాలకీ కలిపి వంటగది ఒక్కటే. ఒక వాటా ఇల్లాలు పప్పు ఉడికేదాకా కూర్చుంటే, ఆ లోపు రెండో వాటా ఇల్లాలు అదే గట్టు మీద కూరగాయలు తరుగుతుంది. పొయ్యి వృథా కాదు, కిరోసిన్ ఆదా. అయితే గుట్టు దాగదు. గట్టు మీద మిగిలిన తొక్కలు, రోట్లో మిగిలిన మసాలా వాసన చూస్తే పక్కవాళ్లు ఇవాళ దాల్చా చేస్తున్నారో పప్పుచారు చేస్తున్నారో, ఎంతమంది చుట్టాలు వచ్చారో ఇట్టే తెలిసిపోతుంది. చూడకూడదనుకున్నా తెలుస్తుంది. చూడాలని పట్టుదల ఉన్నవాళ్లకైతే చెప్పనక్కర్లేదు.

కోర్‌లోని ఈ గట్టు పేరు ఎల్ వన్ క్యాష్. చాలా ప్రాసెసర్లలో అది కేవలం 32 కిలోబైట్లు. అప్పుడే వాడిన అంకెలు అందులో ఉంటాయి. ఆధునిక ప్రాసెసర్‌కు తొందర కూడా ఎక్కువ. అనుమతి ఉందో లేదో తేలకముందే ఊహ మీద పని మొదలుపెడుతుంది. అనుమతి లేదని తేలితే చేసినదంతా రద్దు చేస్తుంది. కానీ గట్టు మీద పడ్డ తొక్కలు రద్దు కావు. ఏ అంకె త్వరగా దొరుకుతోంది, ఏది ఆలస్యంగా దొరుకుతోంది అని కాలం కొలిస్తే రద్దయిన పనిలో ఏముందో ఊహించవచ్చు. 2018 జనవరిలో బయటపడిన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాల సారాంశం ఇదే. ఆ ఏడాది ఆగస్టు 14న బయటపెట్టిన ఎల్‌వన్‌టీఎఫ్ అనే లోపం ఉమ్మడి కంప్యూటర్లకు మరీ చేటు. ఒక అద్దెదారు దుర్బుద్ధితో ప్రోగ్రాం రాస్తే, అదే కోర్‌లో రెండో సగం మీద నడుస్తున్న ఇంకో అద్దెదారు సమాచారాన్నీ, హైపర్‌వైజర్ సమాచారాన్నీ ఎల్ వన్ గట్టు మీద నుంచి చదవగలిగే దారి తెరుచుకుంది. 2019 మేలో ఇదే కోవలో ఎండీఎస్ అనే మరికొన్ని లోపాలు బయటపడ్డాయి.

కొందరు నిర్వాహకులు వంటగదికి ఒక్కరే అన్నారు. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు 2018 జూన్‌లోనే, ఎల్‌వన్‌టీఎఫ్ బయటికి రాకముందే, హైపర్‌థ్రెడింగ్‌ను ఆపేశారు. గూగుల్ సంస్థ 2019లో తన క్రోమ్ ఓఎస్‌లో ఆపింది. భద్రతకు ఇంతకన్నా సులువైన మార్గం లేదు. కానీ అద్దె కంప్యూటర్ల వ్యాపారికి ఇది చేదు మాత్ర. నిన్నటిదాకా అమ్మిన ప్రాసెసర్లలో సగం ఒక్కరోజులో మాయమవుతాయి. ఆ ఖర్చు చివరికి పడేది ఎవరి మీదో దాతలకు మేము చెప్పనక్కర్లేదు.

మధ్యేమార్గం ఏమిటంటే, వంటగదిలో ఇద్దరు ఉండవచ్చు, అయితే ఇద్దరూ ఒకే వాటావాళ్లై ఉండాలి. అత్తాకోడళ్ల మధ్య కూర రహస్యం ఏముంటుంది? దీన్ని కోర్ షెడ్యూలింగ్ అంటారు. మైక్రోసాఫ్ట్ తన విండోస్ సర్వర్ 2019లో హైపర్‌వైజర్‌కు దీన్నే మామూలు పద్ధతిగా పెట్టింది. లినక్స్‌లో పీటర్ జిల్‌స్ట్రా తదితరులు రెండేళ్లకు పైగా చర్చించి, 2021 ఆగస్టులో వచ్చిన 5.14 కూర్పులో చేర్చారు. అందులో ఒకరినొకరు నమ్మే పనులకు ఒకే గుర్తు వేస్తారు. కోర్ రెండు సగాల మీదా ఏ క్షణంలో చూసినా ఒకే గుర్తు ఉన్న పనులే ఉండాలి. ఒక సగం మీద ఒక అద్దెదారు పని ఉండి, రెండో సగానికి అదే గుర్తు ఉన్న పని దొరకకపోతే, వేరే అద్దెదారులు వరుసలో ఎంతమంది ఉన్నా సరే, ఆ సగం ఊరికే కూర్చోవాలి. దీన్ని నిర్బంధ విరామం అనుకోవచ్చు. ఒక సగంలో పని మారితే రెండో సగానికి వెంటనే కబురు వెళ్లాలి, రెండూ కలిసి మారాలి. మేము మొదట చెప్పిన తాళం ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. రెండు సగాలూ ఒకే వరుస చూసి నిర్ణయించుకోవాలి కాబట్టి ఆ వరుసకు ఉమ్మడి తాళం వేయాలి.

ఇంత చేసినా ఒక సందు మిగిలే ఉంది. ఇంటి యజమాని మాట ఏమిటి? అద్దెదారు పని మధ్యలో నెట్‌వర్క్ నుంచి కబురు వచ్చినా, డిస్కు నుంచి సమాచారం కావలసినా హైపర్‌వైజర్ కెర్నెల్ ఆ సగం మీదికి దిగి పని చూస్తుంది. యజమాని తన ఇనప్పెట్టె తాళంచెవులు, మిగతా వాటాల అద్దె కాగితాలు పట్టుకుని వంటగదిలోకి వచ్చినట్టు అన్నమాట. అప్పుడు గట్టుకు అవతల తరుగుతున్నది ఎవరు? అద్దెదారే. ఇద్దరూ ఒకే వాటా అన్న నియమం చెడలేదు. కానీ యజమాని కాగితాలు గట్టు మీద పరుచుకున్నాయి. ఈ పరిమితిని లినక్స్ వాళ్లు దాచుకోలేదు. కెర్నెల్‌తో పాటు వచ్చే పత్రాలలోనే, కోర్ షెడ్యూలింగ్ ఈ సందర్భంలో కాపాడలేదని స్పష్టంగా రాసి పెట్టారు. మా దృష్టిలో అలా రాయడం మెచ్చుకోదగ్గ సంగతి. ప్రజల అమానత్ దగ్గర పెట్టుకున్న ఏ సంస్థ అయినా తన దగ్గర ఏ గది తలుపు సరిగ్గా పడదో ఇలా బయటికి చెబితే బాగుంటుంది.

ఈ సందును మూయాలంటే రెండు సగాలనూ గుమ్మం దగ్గర కలపాలి. ఒక సగం కెర్నెల్‌లోకి అడుగుపెట్టగానే రెండో సగానికి అంతరాయ కబురు పంపి, అద్దెదారు పని ఆపించి, దాన్ని కూడా కెర్నెల్‌లోకి లాగాలి. మొదటి సగం పని ముగించుకుని తిరిగి వెళ్లేముందు గట్టు తుడవాలి. అప్పుడు ఇద్దరూ కలిసి బయటికి రావాలి. కాగితం మీద ఇది మూడు వాక్యాలు. యంత్రంలో కబురు వెళ్లడానికి కాలం పడుతుంది, అవతలివారు ఆగడానికి కాలం పడుతుంది. నెట్‌వర్క్ పని ఎక్కువున్న అద్దెదారు సెకనుకు వేలసార్లు కెర్నెల్ గుమ్మం తొక్కుతాడు. ప్రతిసారీ పక్కవాణ్ణి ఆపితే, హైపర్‌థ్రెడింగ్ వల్ల కలిసొచ్చిన లాభం కాస్తా ఎదురుచూపులకే సరిపోతుంది. అలాంటప్పుడు ముందే దాన్ని ఆపేసుకోవడం నయం అని వాదించేవాళ్లకు సమాధానం చెప్పడం కష్టం. ఈ గుమ్మం కాపలా కోసం రాసిన ప్రోగ్రాం భాగాలు చర్చలోనే నిలిచిపోయాయి. 5.14లో అవి లేకుండానే కోర్ షెడ్యూలింగ్ వచ్చింది.

కాబట్టి ఏ ఆసుపత్రి అయినా, బ్యాంకు అయినా, బడి అయినా తన రికార్డులను అద్దె కంప్యూటర్‌లో పెట్టేముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఎంత జ్ఞాపకశక్తి, ఎంత డిస్కు అని అందరూ అడుగుతారు. "మా కోర్ రెండో సగం మీద ఇంకొకరిని ఎప్పుడైనా కూర్చోబెడతారా?" అని అడిగేవాళ్లు తక్కువ. అమ్మేవాళ్లకు జవాబు తెలిసే ఉంటుంది. అడిగితే చెబుతారు.

ఇంజినీరింగ్ చదివే మన పిల్లలకు వేరే ప్రయోగశాల అక్కర్లేదు. లినక్స్ ఉన్న ఏ కంప్యూటర్‌లోనైనా ఎల్‌ఎస్‌సీపీయూ అనే ఆజ్ఞ ఇస్తే కోర్‌కు ఎన్ని థ్రెడ్లో చూపిస్తుంది. ఎల్‌వన్‌టీఎఫ్, ఎండీఎస్ లోపాలు ఆ యంత్రానికి ఉన్నాయో లేవో, ఉంటే ఏ రక్షణ అమల్లో ఉందో కూడా కొత్త కూర్పుల్లో అదే చూపిస్తుంది. మేము పైన చెప్పిన తాళాలు, వరుసలు అన్నీ ఆ ప్రోగ్రాంలో అక్షరం అక్షరం చదువుకోవడానికి తెరిచే ఉన్నాయి. డబ్బు కట్టనక్కర్లేదు. బాగా చదివే విద్యార్థికి ల్యాప్‌టాప్ ఇప్పించే దాతలు దానితో పాటు ఒక వేసవి కాలం తీరిక కూడా ఇప్పించగలిగితే, వాడు ఆ వరుసలు చదువుతాడు. సెలవులు రాగానే పిల్లవాణ్ణి షాపులో కూర్చోబెట్టే తండ్రులకు ఈ మాట కష్టంగా ఉంటుందని మాకు తెలుసు.

గుమ్మం సమస్యకు ఇప్పుడు ఇంకో వైపు నుంచి దారి వెతుకుతున్నారు. 2019లో ఒరాకిల్ ఇంజినీర్లు, 2022లో గూగుల్ ఇంజినీర్లు ప్రతిపాదించిన ఆలోచన ఇది. యజమాని వంటగదిలోకి వచ్చినప్పుడల్లా అద్దెదారును బయటికి పంపే బదులు, యజమానే తాళంచెవులు తేకుండా వస్తే? కెర్నెల్‌కు రోజువారీ పనికి కావలసిన కొద్ది వస్తువులు మాత్రమే కనిపించే చిన్న చిరునామాల పట్టిక ఒకటి ఇస్తారు. ఇతర అద్దెదారుల గుట్టు ఆ పట్టికలోనే ఉండదు. ఎక్కువసార్లు పని ఆ చిన్న పట్టికతోనే గడిచిపోతుంది, పక్క సగాన్ని ఆపనక్కర్లేదు. ఎప్పుడో ఒకసారి ఇనప్పెట్టె తెరవక తప్పనప్పుడు మాత్రం పూర్తి పట్టికకు మారి, ఆ కాసేపూ పక్కవాళ్లను ఆగమంటారు. సెకనుకు వేలసార్లు ఆపడం పోయి ఎప్పుడో ఒకసారి ఆపడం మిగులుతుంది. అయితే ఏ వస్తువు రోజువారీది, ఏది ఇనప్పెట్టెలోది అని కెర్నెల్‌లోని ప్రతి అంగుళాన్నీ విడదీసి గుర్తులు వేయాలి. లక్షల వరుసల ప్రోగ్రాంలో ఆ పని చేయాలంటే చాలా చేతులు కావాలి.